పొయ్యికీ ఫ్రిజ్‌కీ మధ్య రెండు గంటలు

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



తెల్లవారుజామున జనగామ రైల్వే స్టేషన్‌లో కాసేపు నిలబడి చూడండి. సికింద్రాబాదు బండి కోసం వచ్చినవాళ్లలో చాలామంది చేతిలో ఒక టిఫిన్ డబ్బా ఉంటుంది. ఆ డబ్బా వెనక, నాలుగున్నరకే లేచి పొయ్యి వెలిగించిన ఒక ఇల్లాలు ఉంటుంది. భూపాలపల్లిలో బొగ్గు గనులకు పోయేవారి ఇళ్లలో ఇంకో తీరు. ఒక వారం పొద్దటి షిఫ్టు, మరో వారం రాత్రి షిఫ్టు. మనిషి ఇల్లు చేరే వేళకు వేడి బువ్వ పెట్టాలంటే గడియారం ముల్లుతో పాటు మనమూ తిరగాలి. మహబూబాబాదులో మా బంధువుల ఇంట్లో అత్తాకోడళ్లున్నారు. కోడలు ఉద్యోగానికి పోతూ, పెద్దావిడకు మధ్యాహ్నం భోజనం అమర్చి పోవాలి.

ఇన్ని వేళలకు ఇన్నిసార్లు వండడం ఎవరివల్ల అవుతుంది చెప్పండి? అందుకే ఒకప్పుడు మంచినీళ్ల సీసాలకు, పాలగిన్నెకు పరిమితమైన ఫ్రిజ్, ఇవాళ ఉడికిన అన్నం, పప్పు, గుడాలు దాచుకునే పెట్టె అయిపోయింది. అమెరికాలో ఉన్న మన పిల్లలైతే ఆదివారం నాడే వారానికి సరిపడా వండి, డబ్బాల్లో గడ్డ కట్టించి, రోజుకొకటి తీసి వేడి చేసుకుంటున్నారు.

ఈ విషయంలో మన ఇళ్లలో రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి మా అత్తమ్మ మాట: "నిన్నటి బువ్వ పిల్లలకు పెడుతవా బిడ్డా? పాశిపోయి ఉంటది." రెండోది పక్కింటి చెల్లె మాట: "ఫ్రిజ్‌ల పెట్టిన కదా అక్కా, ఏమైతది? మంచిగ వేడి చేస్తే అన్నీ పోతయి." ఈ రెండింటిలోనూ సగం నిజమే ఉంది. మిగతా సగం తెలియకనే నేనొకసారి దెబ్బ తిన్నాను. ముందు అది చెబుతాను.

కొన్నేళ్ల కింద సద్దుల బతుకమ్మ నాడు ఇంటినిండా చుట్టాలు. చింతపండు సద్ది, నువ్వుల సద్ది, పెరుగు సద్ది కలపడానికి పెద్ద గంజులో అన్నం వండాను. సద్దులు కలపగా ఇంకా సగం గంజు తెల్లన్నం మిగిలింది. మూతపెట్టి, అట్లాగే వంటింట్లో ఉంచి చెరువు గట్టుకు పోయాము. వచ్చేసరికి రాత్రి అయింది. అలసిపోయి పడుకున్నాము. పొద్దున లేచి ఆ అన్నం వాసన చూశాను. ఏ వాసనా లేదు, మెతుకు కూడా జిగురు పట్టలేదు. ఫ్రిజ్‌లో పెట్టాను. సాయంత్రం పిల్లలకు ఆ అన్నాన్నే ఎర్రగా పోపు వేసి, పొగలు కక్కేట్టు వేడి చేసి పెట్టాను. రెండు గంటలు గడవకముందే ఇద్దరూ వాంతులు మొదలుపెట్టారు. అదే రాత్రి, అదే వంటింట్లో ఉన్న చింతపండు సద్ది తిన్న పెద్దవాళ్లకు మాత్రం ఏమీ కాలేదు.

డాక్టరు దగ్గరికి పోతే, ఆయన నన్ను "ఫ్రిజ్‌లో పెట్టారా?" అని అడగలేదు. "వేడి చేశారా?" అని కూడా అడగలేదు. "ఫ్రిజ్‌లో పెట్టకముందు ఎంతసేపు బయట ఉంది?" అని అడిగారు. సోదరీమణులారా, ఈ వేళ నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది.

బియ్యం పొలంలో పండేది కదా. మట్టిలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బియ్యం గింజతో పాటు మన ఇంటికి వస్తుంది. ఎంత కడిగినా పూర్తిగా పోదు. వేడి తగలగానే సాధారణ సూక్ష్మజీవులు చచ్చిపోతాయి గాని, ఇది మాత్రం గట్టి కవచం తొడుక్కున్న విత్తనం వంటి రూపంలో ఉండి, అన్నం ఉడికే వేడిని తట్టుకుంటుంది. అన్నం ఉడికి, మెల్లగా గోరువెచ్చనయ్యే వేళకు ఆ విత్తనం మొలకెత్తినట్టే ఇది నిద్రలేస్తుంది. తడి ఉంది, తిండి ఉంది, వెచ్చదనం ఉంది. ఇంకేం కావాలి? గంటల్లోనే వేలు లక్షలుగా పెరిగి, అన్నంలో ఒక విషాన్ని వదులుతుంది. ఈ విషానికి రంగు లేదు, వాసన లేదు. అన్నిటికంటే ముఖ్యం, ఇది వేడికి లొంగదు. నీళ్లు మరిగే వేడిలో గంటసేపు ఉంచినా విరగదు. అంటే నేను ఆ సాయంత్రం పొగలు కక్కేట్టు వేడి చేసి సూక్ష్మజీవిని చంపానేమో గాని, అది రాత్రంతా తయారు చేసి పెట్టిన విషాన్ని పిల్లలకు వడ్డించాను.

1971లో ఇంగ్లండులో కొందరు చైనా హోటళ్లలో వేపిన అన్నం తిని వాంతులతో బాధపడ్డారు. అన్నానికీ, ఈ వాంతుల జబ్బుకూ ఉన్న సంబంధం అప్పుడే వైద్యులకు స్పష్టంగా తెలిసింది. అక్కడా ఇదే కథ. ముందుగా వండిన అన్నాన్ని గది వేడిలో ఉంచి, అడిగినప్పుడల్లా కొంచెం కొంచెం వేపి ఇచ్చేవారు. వేపడం బాగానే ఉంది. ఉంచడంలోనే వచ్చింది తంటా.

మరి చింతపండు సద్ది ఎందుకు బాధించలేదు? పులుపు వల్ల. బాగా పుల్లగా ఉన్నచోట ఈ సూక్ష్మజీవి పెరగలేదు. మన పెద్దవాళ్లు ప్రయాణాలకు, పండుగలకు పులిహోర, నిమ్మకాయ సద్ది కట్టి పంపడం వెనక ఉన్న తెలివి ఇదే. రాత్రి అన్నంలో నీళ్లు, చల్ల పోసి పొద్దున సద్ది తాగే అలవాటులోనూ పుల్లబడటమే కాపలా. అట్లాగని పులుపు కలిపిన అన్నం ఎన్నాళ్లయినా ఉంటుందనుకోవద్దు. పులుపూ లేక, నీళ్లూ లేక, మూత కింద గోరువెచ్చగా పడి ఉన్న తెల్లన్నానికి మాత్రం ఆ కాపలా కూడా లేదని గుర్తుంచుకోండి.

కాబట్టి అన్నం దాచుకోదలిస్తే మొదటి పని దాన్ని చప్పున చల్లార్చడం. పొయ్యి మీద నుంచి దింపిన రెండు గంటల్లోపు అది ఫ్రిజ్‌లో గాని, ఫ్రీజర్‌లో గాని ఉండాలి. మన ఎండాకాలం సంగతి మీకు తెలుసు. అటువంటి రోజుల్లో ఒక గంటే గడువు అనుకోండి. పెద్ద గంజులో అన్నం అట్లాగే ఉంచితే పైన చల్లగా తోచినా, నడిమధ్యన చెయ్యి పెడితే గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. అందుకని వెడల్పాటి స్టీలు పళ్లెంలో అంగుళం మందంగా పరచండి. ఈగలు వాలకుండా పలుచని శుభ్రమైన బట్ట కప్పి ఫ్యాను కింద పెట్టండి. పావుగంట, ఇరవై నిమిషాల్లో ఆవిరి పోతుంది. ఎండి గట్టిపడేదాకా ఆరబెట్టకండి, ఆ తడి మనకు తర్వాత కావాలి.

పప్పు, గుడాలైతే గిన్నెను ఒక పెద్ద బేసిన్‌లో చల్లనీళ్లు పోసి అందులో దించి, గరిటెతో తిప్పుతూ ఉండండి. నీళ్లు వెచ్చబడితే మార్చండి. చిక్కటి పప్పు కూడా నడిమధ్యలో వేడిని దాచుకునేదే. అందులో పెరిగే సూక్ష్మజీవులు వేరే ఉన్నాయి. "వేడిది ఫ్రిజ్‌లో పెడితే ఫ్రిజ్ పాడైపోతుంది" అని పూర్తిగా చల్లబడేదాకా ఎదురుచూస్తూ మరిచిపోయేవారున్నారు. మరిగేది పెట్టకూడదు గాని, గోరువెచ్చనిది చిన్న డబ్బాల్లో పెడితే ఫ్రిజ్‌కు ఏ నష్టమూ లేదు.

మామూలు ఫ్రిజ్ అరలో 5 డిగ్రీలకు లోపు చల్లదనం ఉండాలి. అక్కడ పెట్టిన అన్నం మర్నాటికి తినేయాలి. పప్పు, గుడాలు మహా అయితే మూడు రోజులు. అంతకు మించి కావాలంటే ఫ్రీజర్ తప్పదు. ఫ్రీజర్ సూక్ష్మజీవిని చంపదు, నిద్రపుచ్చుతుంది అంతే. మంచి అన్నం పెడితే మంచి అన్నమే తిరిగి ఇస్తుంది. పాశిన అన్నం పెడితే పాశినదే ఇస్తుంది.

ఇక్కడ ఒక వింత చెప్పాలి. ఫ్రిజ్ అరలో పెట్టిన అన్నం మర్నాటికి పలుకులు పలుకులుగా గట్టిపడుతుంది. అదే ఫ్రీజర్‌లో పెట్టి తీసిన అన్నం నెల తర్వాత కూడా మెత్తగా వస్తుంది. ఎందువల్ల? ఉడికినప్పుడు బియ్యంలోని పిండిపదార్థం నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. చల్లబడుతూ ఉంటే అది మళ్లీ దగ్గరకు ముడుచుకుని గట్టిపడుతుంది. ఈ ముడుచుకోవడం ఫ్రిజ్ అరలో ఉండే చలికే ఎక్కువ వేగంగా జరుగుతుంది. గడ్డకట్టాక దాదాపు ఆగిపోతుంది. కనుక రుచి దృష్ట్యా కూడా, రెండు రోజుల తర్వాత తినదలచిన అన్నాన్ని ఫ్రిజ్ అరలో కాక నేరుగా ఫ్రీజర్‌లో పెట్టడమే మేలు.

ఎట్లా పెట్టాలి? ఒక మనిషి ఒక పూట తినేంత అన్నాన్ని, ఆహారానికి పనికొచ్చే జిప్ కవరులో వేసి, చేత్తో నొక్కి పలుచని పలకలాగా చెయ్యండి. గాలి తీసేసి మూసి, ఒక పళ్లెం మీద పడుకోబెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. ఉండలాగా పెడితే బయట గడ్డకట్టి, లోపల గంటల తరబడి వెచ్చగా ఉంటుంది. పలకలాగా పెడితే త్వరగా గడ్డకడుతుంది.

ఈ త్వరలోనే కీలకమంతా ఉంది. 1910లలో కెనడాలోని లాబ్రడార్‌లో ఉన్న క్లారెన్స్ బర్డ్స్‌ఐ అనే అమెరికన్, అక్కడివాళ్లు పట్టిన చేపలు ఆ భయంకరమైన చలిగాలికి పట్టీపట్టగానే గడ్డకట్టడం, నెలల తర్వాత వండినా తాజా రుచి ఉండటం గమనించాడు. మెల్లగా గడ్డకడితే మంచు పెద్ద పెద్ద పలుకులై పదార్థాన్ని లోపలినుంచి చీలుస్తుంది. త్వరగా గడ్డకడితే సన్నని పలుకులే ఏర్పడతాయి. ఇవాళ బజారులో అమ్మే గడ్డకట్టిన బఠాణీలన్నిటికీ మూలం ఆ గమనింపే.

ఇక గుడాల సంగతి. బొబ్బర్లు, శనగలు, పెసర్లు, అనుములు, రాజ్మా, ఇవన్నీ ఫ్రీజర్‌కు అన్నం కంటే బాగా నప్పుతాయి. రాత్రంతా నానబెట్టడం, కుక్కరులో ఉడికించడం ఒక్కసారికే అయిపోతుంది. గ్యాసు మిగులుతుంది. చిటికెడు ఉప్పుతో, గింజ చెదరకుండా, కాని వేలితో నొక్కితే మెదిగేట్టు ఉడికించండి. చల్లార్చి, ఉడికిన నీళ్లతో సహా చిన్న డబ్బాల్లో పొయ్యండి. నీళ్లు లేకుండా పెడితే గింజల తోలు ఎండి పగులుతుంది. డబ్బా అంచుదాకా నింపకండి. నీరు గడ్డకట్టేటప్పుడు పదో వంతు దాకా ఉబ్బుతుంది. గాజు సీసా అయితే పగిలిపోతుంది. ఒక బొటనవేలు వెడల్పు ఖాళీ ఉంచండి. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కరివేపాకు పోపు ముందే పెట్టవద్దు. తినే రోజు తాజాగా పోపు పెడితే, ఆ గుడాలు ఇప్పుడే ఉడికించినవి కాదంటే ఎవరూ నమ్మరు.

రాజ్మా విషయంలో ఒక హెచ్చరిక. పచ్చి రాజ్మా గింజల్లో సహజంగానే ఒక విషపదార్థం ఉంది. సరిగా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా వాంతులు పట్టుకోవచ్చు. నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో బాగా తెర్లుతూ ఉడికితేనే ఆ విషం విరుగుతుంది. ఇది అన్నంలోని విషంలాంటిది కాదు, మరిగే వేడికి లొంగుతుంది. కుక్కరులో మెత్తగా ఉడికితే భయం లేదు. "సగం ఉడికించి దాచుకుందాం, వేడి చేసినప్పుడు మిగతాది ఉడుకుతుందిలే" అని మాత్రం అనుకోవద్దు. తక్కువ వేడి మీద సగం ఉడికినవి ఒక్కోసారి పచ్చివాటికంటే కూడా ఎక్కువ హాని చేస్తాయి.

పెరుగన్నం, ఆలుగడ్డ ముక్కలు వేసిన కూర ఫ్రీజర్‌లో పెట్టకండి. పెరుగు విరిగి నీరు తేలుతుంది, ఆలుగడ్డ స్పంజిలాగా అవుతుంది. కందిపప్పు, టమాట పప్పు, ఆకుకూర పప్పు బాగానే ఉంటాయి. ప్రతి డబ్బా మీద కాగితం అంటించి, ఏమిటో, ఏ తేదీ నాడు పెట్టారో రాయండి. అన్నం నెల రోజుల్లో, గుడాలు రెండు మూడు నెలల్లో వాడేస్తే రుచి చెడదు.

ఈ లెక్క మైనస్ 18 డిగ్రీల చల్లదనం ఉండే ఫ్రీజర్‌కు. మన ఇళ్లలో చాలావరకు ఉండే ఒంటి తలుపు ఫ్రిజ్‌లోని మంచు అరకు అంత శక్తి ఉండకపోవచ్చు. ఒక పరీక్ష ఉంది. అందులో ఐస్‌క్రీం పెట్టి మర్నాడు చూడండి. చెంచా దిగనంత గట్టిగా ఉంటే మంచిదే. మెత్తగా ఉంటే, అన్నమైనా గుడాలైనా వారం లోపే వాడేయాలి. ఫ్రిజ్ తలుపు మీద అంటించిన నక్షత్రాలు చూసి మోసపోవద్దు. అవి కరెంటు పొదుపును చెబుతాయే గాని చల్లదనాన్ని కాదు.

కరెంటు పోతే? తలుపు తెరవకుండా ఉంచితే నిండుగా ఉన్న విడి ఫ్రీజర్ దాదాపు రెండు రోజులు, సగం నిండినది ఒక రోజు చల్లదనం నిలుపుకుంటుంది. కింది అర మాత్రం నాలుగు గంటలే. ఒంటి తలుపు ఫ్రిజ్‌లోని మంచు అర అంతకాలం ఆగదు. మనం ఊరికి పోయి వచ్చేసరికి కరెంటు పోయి మళ్లీ వచ్చిందో లేదో తెలిసేదెట్లా? ఒక చిన్న గిన్నెలో నీళ్లు పోసి ఫ్రీజర్‌లో గడ్డ కట్టించండి. ఆ గడ్డ మీద ఒక రూపాయి బిళ్ల పెట్టి ఉంచండి. తిరిగొచ్చాక బిళ్ల పైనే ఉంటే నిశ్చింత. గిన్నె అడుగున ఉంటే, అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట. అప్పుడు అందులోని అన్నం, గుడాలు పారేయక తప్పదు.

వేడి చేయడం చివరి మెట్టు. గడ్డకట్టిన అన్నాన్ని వంటింటి గట్టు మీద పెట్టి గంటల తరబడి కరగనివ్వవద్దు. అది మళ్లీ పాత కథకే దారి. కవరులో నుంచి తీసి, స్టీలు గిన్నెలో వేసి, రెండు చెంచాల నీళ్లు చిలకరించి, మూతపెట్టి ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద పెట్టండి. పది పదిహేను నిమిషాల్లో, మధ్యలో ఒకసారి కలిపితే, ముడుచుకున్న పిండిపదార్థం మళ్లీ విచ్చుకుని మెతుకు మెత్తబడుతుంది. గుడాలైతే డబ్బాను ఒక్క నిమిషం నీళ్లలో పెట్టి, గడ్డను నేరుగా గిన్నెలోకి జార్చి, కాసిన్ని వేడినీళ్లు పోసి, అంతా తెర్లేదాకా కాచండి. మైక్రోవేవ్ ఉన్నవాళ్లు గాజు లేక పింగాణీ గిన్నె వాడాలి. స్టీలు డబ్బా పెట్టకూడదు, పలుచటి ప్లాస్టిక్ కవరుతో పెట్టకూడదు. అందులో అంచులు కాలిపోతూ ఉన్నా నడుమ చల్లగా ఉండిపోతుంది. అందుకని సగంలో ఆపి కలిపి, మళ్లీ పెట్టి, తీశాక రెండు నిమిషాలు ఆగండి. ఎట్లా చేసినా నడిమధ్య నుంచి పొగలు రావాలి. ఒకసారి వేడి చేసింది తినేయాలి. మిగిలితే మళ్లీ ఫ్రీజర్‌కు పంపవద్దు. ఒక పూటకు ఒక డబ్బా అని మొదటే చెప్పింది ఇందుకే.

ఇంత చేసినా పొరపాటున ఎవరికైనా వాంతులు పట్టుకుంటే, కొంచెం కొంచెంగా ఓ.ఆర్.ఎస్. నీళ్లు తాగించండి. ఈ జబ్బు చాలామందికి ఒక రోజులో తగ్గిపోతుంది. చంటిపిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు అయితే గాని, వాంతులు ఆగకపోయినా, మనిషి నీరసించినా గాని ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి పోవాలి.

చివరగా ఒక మాట. అన్నం పారేయాలంటే మన చెయ్యి రాదు. రాత్రి మిగిలింది చూసి, "పొద్దున చూద్దాంలే" అని మూతపెట్టడానికి కారణం బద్ధకం ఒక్కటే కాదు, ఆ గౌరవం కూడా. నేను మూతపెట్టింది కూడా అందుకే. కాని ఆ రాత్రి పిల్లలిద్దరి తలలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నప్పుడు నాకు ఒకటి తెలిసింది. అన్నాన్ని గౌరవించడమంటే పొద్దున దాన్ని చూసి బాధపడటం కాదు. రాత్రి పడుకోబోయే ముందు పది నిమిషాలు దానికి కేటాయించడం. ఇప్పుడు మా ఇంట్లో భోజనాలు కాగానే మిగిలిన అన్నం పళ్లెంలోకి, పళ్లెం ఫ్యాను కిందికి పోతుంది. గిన్నెలు కడగడం అయ్యేసరికి అన్నం కవర్లలోకి చేరుతుంది.

మా అత్తమ్మ ఇప్పటికీ ఫ్రీజర్ అన్నాన్ని అనుమానంగానే చూస్తుంది. కాని ముందుగా "ఎప్పుడు వండినవ్?" అని అడగడం మానేసి, "ఎంతసేపట్ల లోపల పెట్టినవ్?" అని అడుగుతోంది. మీరూ ఇవాళ రాత్రి నుంచి ఆ ప్రశ్నే వేసుకోండి. సెలవు.